అప్‌డేట్: రౌటర్ అడాప్టర్ సంగతి

రౌటర్ అడాప్టర్ కాలిపోయింది, మ్యూజిక్ కీబోర్డుది పెట్టవచ్చా అని అడిగాను కదా. రెండూ 12 వోల్టుల డీసీయే. రౌటరుకు 1 ఆంపియర్ చాలు, కీబోర్డుది 2. ఆంపియర్లు ఎక్కువైనా పరికరం తనకు కావలసినంతే తీసుకుంటుందని మీరన్నాక ధైర్యం వచ్చింది. అయితే ధ్రువాల గుర్తు (పిన్ను మధ్యభాగం ప్లస్సా, మైనస్సా అని చూపే చిన్న బొమ్మ) చూడమన్నారు చూడండి, అదే కాపాడింది! భూతద్దం పెట్టి చూస్తే రౌటర్ మీద మధ్య చుక్కకు ప్లస్, అడాప్టర్ మీద మైనస్. గుచ్చి ఉంటే రౌటర్ మీద ఆశ వదులుకోవలసి వచ్చేదేమో.

చివరికి 12 వోల్టులు, 1.5 ఆంపియర్లది కొన్నాను. మొదట తెచ్చినది వదులుగా ఊగింది. పిన్ను లోపలి రంధ్రం 2.5 మిల్లీమీటర్లు, నాకు కావలసింది 2.1. మార్చుకున్నాను. మూడు రోజులుగా ఆగకుండా నడుస్తోంది, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటోంది, అంతే.