ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే సంఘం) మీటింగ్ ఎలా వెతుక్కున్నారు? వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి

గోదారి గట్టు:
మా ఆయన తాగుడు మాని ఈ రోజుకి 19 రోజులు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టర్ గారు "మాత్రలు ఒక్కటే సరిపోవు, ఏఏ మీటింగులకి వెళ్లండి" అన్నారు. ఎక్కడో చెప్పలేదు. నెట్‌లో దొరికిన అడ్రసు పట్టుకుని ఆదివారం ఇద్దరం బయల్దేరాం. తీరా చూస్తే ఒక స్కూలు, గేటుకి తాళం. వాచ్‌మన్ "ఎప్పుడో జరిగేవమ్మా, ఇప్పుడు లేవు" అన్నాడు. రెండు వైన్ షాపులు దాటుకుని ఇంటికొచ్చాం. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

మల్కాజిగిరి అన్న (మానేసి 6 ఏళ్లు):
చెల్లెమ్మా, ఆ గ్రూపు మూతపడిందని అనుకోకు. మీటింగులకి సొంత బిల్డింగులు ఉండవు. స్కూలు గదో, చర్చి ఆవరణో అడిగి పెట్టుకుంటారు. ఆ గది పోతే ఇంకోచోటికి మారతారు, నెట్‌లో మాత్రం పాత అడ్రసే ఉండిపోతుంది. అందుకే అడ్రసు చూసి బయల్దేరకండి. దాని పక్కన ఫోన్ నంబరు ఉంటే దానికి చేయండి. అది పలకకపోతే పక్క ఊరి గ్రూపుకి చేసినా దారి చూపిస్తారు. అవతల మాట్లాడేది కూడా ఒకప్పుడు తాగి మానేసినవాడే. ఏ రోజు, ఎన్నింటికి, తెలుగులోనేనా, ఓపెనా క్లోజ్డా అని అడగండి. ఓపెన్ అయితే నువ్వూ కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లకే.

ఫోన్ మాత్రం ఆయనే చేయాలి. నా కోసం మా ఆవిడ నాలుగుసార్లు చేసింది, నేను ఒక్కసారీ కదల్లేదు. ఐదోసారి అవతలాయన "ఫోన్ ఆయనకివ్వమ్మా" అన్నాడు. మానెయ్యమని చెప్పలేదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగాడు. లేదన్నాను. "నాకూ మొదట్లో పట్టేది కాదు. ఆరింటికి బస్టాండ్ దగ్గర ఉంటాను, కలిసి వెళ్దాం" అన్నాడు. నిద్ర సంగతి అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. అందుకే వెళ్లాను.

పల్నాడు మాస్టారు:
నాదీ ఒక ప్రశ్న. పేరు రాసుకుంటారా? ఆధార్ అడుగుతారా? నేను బడిలో పాఠాలు చెబుతాను. ఊళ్లో తెలిస్తే పిల్లల తల్లిదండ్రుల ముందు నిలబడలేను.

మల్కాజిగిరి అన్న:
ఏదీ అడగరు మాస్టారూ. పూర్తి పేరు కూడా చెప్పక్కర్లేదు. 1935లో అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారం తెలిసినాయన, ఇంకొకరు డాక్టరు, ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టినప్పట్నుంచీ అంతే. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఫీజు లేదు. చివర్లో డబ్బా తిప్పుతారు, వేయకపోయినా ఏమీ అనరు. దేవుడి మాట వస్తుంది గానీ ఏ దేవుడన్నది మీ ఇష్టం. మరీ భయమైతే మొదటి నెల పక్క ఊరి మీటింగుకి వెళ్లండి. మాలో చాలామంది అలాగే చేశారు.

వార్డు నర్సు:
ఇంకా రోజూ తాగుతున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. రేపు మీటింగ్ ఉంది కదా అని ఈ రోజు ఒక్కసారిగా ఆపేయకండి. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణకడం, చెమటలు, తర్వాత ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టకుండా లేనివి కనిపిస్తున్నాయనే స్థితికి పోయి ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14416 టెలిమానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల కోసమే 14446 కూడా ఉంది.

ఆడవాళ్లకి దండం పెట్టి చెబుతున్నా, తాగుడు మాన్పించే మాత్రలు చెప్పకుండా కాఫీలో కలపకండి. ఆ సంగతి తెలియక ఆయన మద్యం తాగితే గుండె మీదికి రావచ్చు.

విశాఖ ఇల్లాలు:
చెల్లీ, ఆయన సంగతి అన్న చెప్పారు, నీ సంగతి నేను చెబుతా. మనకోసం అల్-అనాన్ అని వేరే ఉంది, 1951 నుంచి నడుస్తోంది. తాగేవాళ్ల ఇంటివాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. ఆయన మానేశాక కూడా నేను రోజూ బట్టల మడతల్లో, స్కూటర్ డిక్కీలో సీసా కోసం వెతికేదాన్ని. ఆయన బాత్రూమ్‌లో పది నిమిషాలుంటే తలుపు కొట్టేదాన్ని. అక్కడ ఒక పెద్దావిడ "నేనూ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికేదాన్ని" అంటే ఏడుపు ఆగలేదు. ఫోన్ చేసినప్పుడు దీని గురించి కూడా అడుగు.

డాలస్ నుంచి:
ఇక్కడ మీటింగులకి కొదవ లేదు, రోజూ ఏదో ఒకటి ఉంటుంది. అయినా అమ్మ మీద ఒట్టేసి, ఆ ఒట్టు తప్పిన సంగతి ఇంగ్లీషులో చెప్పుకోలేకపోయాను. హైదరాబాద్ వాళ్ల ఆన్‌లైన్ మీటింగులో తెలుగులో చెప్పగలిగాను. దగ్గర్లో గ్రూపు లేనివాళ్లు ఫోన్‌లోనే చేరొచ్చు, కెమెరా ఆపేసుకున్నా ఏమీ అనరు.

గోదారి గట్టు:
పది రోజులకి మళ్లీ రాస్తున్నాను. నంబరు ఆయన చేతికిచ్చి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అరగంట మాట్లాడారు. మీటింగ్ మాకు బస్సులో 40 నిమిషాల దూరం. బుధవారం అవతలాయన బస్టాప్‌కి వచ్చి తీసుకెళ్లారట. లోపల పేరు చెప్పి కూర్చున్నారట, ఇంకేమీ మాట్లాడలేదట. నేను ఇంకేమీ అడగలేదు. రాత్రి అన్నం వడ్డిస్తుంటే ఆయనే అన్నారు, "శనివారం కూడా ఉందట. తొందరగా బయల్దేరాలి, బస్సులు తక్కువ."