పాత కంప్యూటరులో నాలుగు రంగులే ఎందుకు కనిపిస్తున్నాయి?

బరంపురం మగ్గం:
నమస్కారం. మాది బరంపురంలో పట్టుచీరలు నేసే తెలుగు కుటుంబం. అంచుల నమూనాలు గీసుకోవడానికి నాన్నగారు ఎప్పుడో కొన్న ఐబీఎం తరహా కంప్యూటరును ఈ మధ్యే దుమ్ము దులిపి పని చేయించాను. అందులో తెర మీద రంగులు చూపే సీజీఏ కార్డు ఉంది. ప్రోగ్రాములు రాసే జీడబ్ల్యూ-బేసిక్‌లో కుంభం అంచు గీస్తే నలుపు మీద ఆకాశనీలం, ముదురు గులాబీ, తెలుపు తప్ప మరో రంగు రావడం లేదు. మాకు కావలసినవి ఎరుపు, పసుపు. కార్డు చెడిపోయిందా, లేక ఆ రోజుల్లో ఇంతేనా?

రాయగడ వాసి:
మీ కార్డు బాగానే ఉందండీ. 1981లో ఐబీఎం ఆ కార్డు మీద పెట్టిన మెమరీ 16 కిలోబైట్లు. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలంటే మొత్తం 64,000. బైటుకు 8 బిట్లు కాబట్టి, ఒక్కో చుక్కకు 2 బిట్ల చొప్పున ఇస్తేనే 16,000 బైట్లు అయిపోతాయి, ఆ 2 బిట్లతో నాలుగు రంగుల్లో ఏదో ఒకటి అని మాత్రమే చెప్పగలం. కార్డుకు 16 రంగులు తెలుసు. అయితే ఈ పద్ధతిలో వాటిలోంచి మనం ఎంచుకోగలిగేది వెనక రంగును మాత్రమే, మిగిలిన మూడూ జట్టుగానే వస్తాయి. రెండో జట్టులో ఆకుపచ్చ, ఎరుపు, గోధుమరంగు ఉంటాయి. బేసిక్ ఆదేశాల్లో స్క్రీన్ 1 తరవాత కలర్ 0,0 ఇచ్చి చూడండి.

పర్లాకిమిడి పాఠకుడు:
1982 నాటి ఇంటి కంప్యూటరు స్పెక్ట్రమ్‌లో ఈ పొదుపు మరో విధంగా ఉండేది. 256 అడ్డం, 192 నిలువు చుక్కలకు 6,144 బైట్లు, రంగులకు 768 బైట్లు. అడ్డం, నిలువు ఎనిమిదేసి చుక్కలుండే ఒక్కో చదరపు గడికి రెండే రంగులు కాబట్టి, ఒక గడిలోకి మూడో రంగు బొమ్మ జరిగితే పక్క బొమ్మ రంగు కూడా మారిపోయేది. అందువల్ల ఆటలు రాసేవారు చాలాసార్లు బొమ్మలను ఒకే రంగులో ఉంచేవారు.

బరంపురం మగ్గం:
ఎరుపు వచ్చింది, చాలా సంతోషం. కానీ గోధుమరంగు రావలసిన చోట మురికి పసుపు కనిపిస్తోంది.

రాయగడ వాసి:
అది మానిటరు వల్ల. ఎరుపు, ఆకుపచ్చ సంకేతాలు రెండూ సమానంగా వెలిగితే వచ్చేది ముదురు పసుపే. ఐబీఎం తన రంగుల మానిటరులో ఆకుపచ్చను తగ్గించే ఏర్పాటు చేసి దాన్ని గోధుమరంగుగా మార్చింది. మీ మానిటరులో అది లేనట్టుంది. మీకు అసలు పసుపే కావాలి కనుక అవుట్ 985,16 ఇవ్వండి. అదే జట్టు కాంతి పెరిగి లేత ఆకుపచ్చ, లేత ఎరుపు, నిండు పసుపు అవుతుంది.

బరంపురం మగ్గం:
నిండు పసుపు వచ్చింది! ఎరుపు చుక్క, పసుపు చుక్క ఒకటి విడిచి ఒకటి పెట్టి అంచు నింపాను. దగ్గరగా చూస్తే చుక్కలు విడివిడిగానే ఉన్నాయి, నాలుగడుగులు వెనక్కి జరిగితే నారింజ రంగు కనిపించింది. ఎరుపు పడుగు మీద పసుపు పేక వేసినప్పుడు మా మగ్గం మీద వచ్చే రంగే అది.