విశాఖ తీరంలో సర్ఫింగ్ హాస్టల్ పెడితే నడుస్తుందా? కోవళం, శ్రీలంక, బాలి చూసొచ్చినవాళ్ళు చెప్పండి

భీమిలి_డ్రీమ్స్
అందరికీ నమస్కారం. మంగమారిపేట దగ్గర మాకు పాత పెంకుటిల్లు ఉంది. దాన్ని బాగుచేసి, ఆరు మంచాలు, పది బోర్డులతో సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ళకి చిన్న హాస్టల్ పెట్టాలని ఉంది. చెన్నై పక్కన కోవళంలో శనివారం పొద్దున చూస్తే హైదరాబాద్, బెంగళూరు ఐటీ పిల్లలే సగం మంది. ఒక్కో క్లాసుకి పదిహేను వందలు, రెండు వేలు ఇస్తున్నారు. వాళ్ళు ఋషికొండకి ఎందుకు రాకూడదు? నాకు తెలియాల్సినవి: సీజన్ ఎప్పుడు, ఫోమ్ బోర్డులు ఎక్కడ కొనాలి, సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాల మీద ఉండే నియంత్రణ) పర్మిషన్ల సంగతేంటి. ఈత రాకపోయినా నేర్పొచ్చు కాబట్టి కస్టమర్లకి కొదవ ఉండదనుకుంటున్నాను.

సముద్రపు_పిచ్చి
కోవళాన్ని శనివారం చూసి లెక్కలు వేయకండి బ్రదర్. దాని వెనక ఏళ్ళ తరబడి పని ఉంది. మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు తనకు తానే నేర్చుకుని, ఊరి పిల్లలకి నేర్పాడు. 2012లో స్కూలు, 2013లో సర్ఫ్ ఫెస్టివల్ మొదలయ్యాయి. క్రికెటర్ జాంటీ రోడ్స్ కూడా ఆ ఫెస్టివల్‌కి వచ్చి బోర్డెక్కాడు. అక్కడ నేర్పేవాళ్ళలో చాలామంది ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళే. ఏ కెరటం విరుగుతుందో, ఏది ఉత్తినే లేచి పడిపోతుందో వాళ్ళు మనకంటే ముందే చెప్పేస్తారు. బోర్డు వెనక పట్టుకుని, సరైన క్షణంలో తోసి "లే!" అని అరుస్తారు. ఆ అరుపు ఒక్క సెకను ముందో వెనకో పడితే బోర్డు ముక్కు నీళ్ళలోకి దిగిపోతుంది. మంచాలు, బోర్డులు ఎవరైనా కొంటారు. అలాంటివాళ్ళు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? ముందు అది చెప్పండి.

మధురవాడ_అక్క
"ఈత రాకపోయినా నేర్పొచ్చు" అని రాశారు. దయచేసి ఆ మాట తీసేయండి. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. యారాడలో, ఋషికొండలో, ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడి ఫోటో దిగుతున్న పిల్లలు కొట్టుకుపోయారు. మా క్లాసు పిల్లాడి కోసం ఒడ్డున కూర్చున్న తల్లిదండ్రుల పక్కన కూర్చున్నదాన్ని నేను. ఇక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతైపోతుంది. ఎవరి వ్యాపారం కోసమైనా సరే, ఈత రానివాళ్ళని ఆ నీళ్ళలోకి దింపితే నేను ఊరుకోను.

కెరటం99
అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ రెండూ ఒకటి కాదు. నాకు ఈత రాదు, కోవళంలో సర్ఫింగ్ నేర్చుకున్నాను. నడుము లోతు దాటనివ్వరు. బోర్డు ఫోమ్‌ది, తొమ్మిది అడుగులది, తేలుతుంది, కాలికి లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) ఉంటుంది. పక్కనే ట్రైనర్ ఉంటాడు. మొదటిసారి నిలబడి ఒడ్డుదాకా వచ్చినప్పుడు గుండెలో కలిగిన ఆనందం ఆఫీసులో ప్రమోషన్ వచ్చినా కలగలేదు. ఈత రాదని నన్ను ఆ రోజు వెనక్కి పంపించి ఉంటే జన్మలో మళ్ళీ సముద్రం దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు.

గోల్డ్‌కోస్ట్_ఆంధ్రా
ఇందులో అనుభవం ఉన్నవాడిగా చెబుతున్నాను. నేను ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌ల్యాండ్‌లో సర్ఫ్ లైఫ్‌సేవింగ్ క్లబ్బులో వాలంటీర్‌ని, బ్రాంజ్ మెడాలియన్ అనే లైఫ్‌సేవర్ అర్హత ఉంది. దానికి 400 మీటర్లు 9 నిమిషాల్లోపు ఈదాలి, ఆ తర్వాతే రెస్క్యూ ట్రైనింగ్. లీష్ తెగుతుంది. బోర్డు వదిలేసి అల మిమ్మల్ని లాగుతుంది. అప్పుడు మీ చేతిలో ఏముంటుంది? ఈత రాకుండా సర్ఫింగ్ చేశానని చెప్పుకోవడం గొప్ప కాదు, అలా నేర్పిన స్కూలుది పూర్తి బాధ్యతారాహిత్యం. కనీసం 50 మీటర్లు ఈది చూపించనివాళ్ళకి బోర్డు ఇవ్వకూడదు. ఇందులో చర్చకే తావు లేదు.

కెరటం99
నేను గొప్ప చెప్పుకోలేదండీ, జరిగింది రాశాను. మీ ఊళ్ళో జెండాలు, జెట్‌స్కీలు, టవర్ మీద లైఫ్‌గార్డులు ఉంటారు. ఇక్కడ ఆడపిల్లకి ఈత నేర్చుకోవడానికి కాలనీలో కొలను ఎక్కడుంది? ముందు 50 మీటర్లు ఈదమంటే మాలాంటివాళ్ళు ఎవ్వరూ సముద్రం దాకా రారు.

గోల్డ్‌కోస్ట్_ఆంధ్రా
కొలను లేకపోవడం సముద్రానికి తెలియదు. నేను ఒడ్డుకి లాక్కొచ్చినవాళ్ళలో టూరిస్టులే ఎక్కువ, అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు. నా మాట మీకు కోపం తెప్పించినా సరే, వెనక్కి తీసుకోను.

జాలారిపేట_కుర్రోడు
ఇద్దరూ మా సముద్రం చూడకుండా మాట్లాడుతున్నారు. మా తాత తెప్ప మీద నిలబడి కెరటాలు దాటి వేటకి పోయేవాడు. నాకు ఈత ఎవరూ నేర్పలేదు, నడక వచ్చినట్టే వచ్చింది. ఋషికొండలో నేను నేర్పుతాను. గోల్డ్‌కోస్ట్ అన్నా, మీరు 50 మీటర్లు అంటున్నారు. కొలనులో 500 మీటర్లు ఈదినోడు కూడా ఇక్కడ పాయలో (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే నీళ్ళలో) పడితే భయంతో ఒడ్డుకేసి ఈది ఈది అలిసిపోతాడు. పోయేది వాడే. రెండు పక్కలా తెల్లగా నురగ విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం విరగకుండా బురద రంగులో, నురగ లోపలికి పోతూ కనిపిస్తే అది పాయ. దాంట్లో పడ్డవాడు ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి పోవాలి. నేను బోర్డు ఇచ్చేముందు ప్రతి ఒక్కరినీ ఇసుక మీద నిలబెట్టి ఆ పట్టీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటాను. చూపించలేనోడికి ఆరోజు క్లాసు లేదు. ఈత వచ్చినా సరే.

మధురవాడ అక్కా, పోయినోళ్ళలో చాలామందిని వెతికి తెచ్చింది మా పేటవాళ్ళే. మాకూ బాధ ఉంటుంది.

మధురవాడ_అక్క
బాబూ, మీ పేటవాళ్ళ రుణం ఎప్పటికీ తీరదు. నువ్వు చెప్పిన పద్ధతి బాగుంది. కానీ నీలాంటి ట్రైనర్ లేనిచోట బోర్డులు అద్దెకిచ్చేస్తున్నారు, నా భయం అది.

బ్యాక్‌ప్యాక్_హైద్
ఈత గొడవ ఆపితే ఒక్క మాట. సర్ఫింగ్ టూరిజం పెరిగితే ఊరు ఏమవుతుందో బాలి వెళ్ళి చూడండి. చంగూలో ఒకప్పుడు వరి పొలాలు ఉన్నచోట ఇప్పుడు వరసగా విల్లాలు, కాఫీ షాపులు. బాటూ బొలాంగ్ దగ్గర ఒక్క అల మీదికి పదిమంది ఎక్కుతున్నారు, బోర్డులు తలలకి తగులుతున్నాయి. వానాకాలంలో కూటా ఒడ్డంతా ప్లాస్టిక్. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి విదేశీ టూరిస్టు దగ్గరా లక్షా యాభై వేల రుపియా (ఇండోనేషియా డబ్బు) వసూలు చేస్తున్నారు. భీమిలి రోడ్డు ఇప్పటికే రియల్ ఎస్టేట్ వాళ్ళ చేతుల్లో ఉంది. సర్ఫింగ్ పేరు తోడైతే ఇక జాలర్ల ఇళ్ళు మిగులుతాయా?

సముద్రపు_పిచ్చి
బాలి ఒక్కటే ఉదాహరణ కాదు. శ్రీలంక చూడండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తూర్పున అరుగం బే, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణాన వెలిగామ, మిరిస్సా. ఒక తీరం పడుకుంటే ఇంకో తీరం లేస్తుంది. వెలిగామలో ఇసుక అడుగు, మెత్తటి అల, అక్షరాభ్యాసానికి అంతకంటే మంచి చోటు లేదు. పైకప్పు మీద బోర్డులు కట్టుకున్న టుక్‌టుక్‌లు, ఇంట్లోనే రెండు గదులు అద్దెకిచ్చే అమ్మలు, పొద్దున్నే వేడివేడి ఆప్పాలు. డబ్బు ఊళ్ళోనే తిరుగుతుంది.

బ్యాక్‌ప్యాక్_హైద్
ఊళ్ళోనే తిరుగుతుందా? అక్కడ క్యాంపులు నడిపేవాళ్ళలో విదేశీయులు ఎంతమందో మీరు గమనించలేదు. ఫిజీలో ఏం జరిగింది? తవరువా రిసార్టు క్లౌడ్‌బ్రేక్ అలని ఏళ్ళ తరబడి తన గెస్టులకే ఉంచుకుంది. 2010లో ప్రభుత్వం డిక్రీ తెచ్చాకే అందరికీ తెరిచారు. ఫిజీ పిల్లలే ఫిజీ అల ఎక్కడానికి వీల్లేని రోజులవి! ఈ తప్పు మనదగ్గర జరగకూడదనే నా తాపత్రయం.

పతకాల_అభిమాని
అందరూ నెగెటివ్ మాట్లాడుతున్నారు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్‌లో మన రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో మన దేశానికి తొలి వ్యక్తిగత పతకం! 2026 ఐచి-నగోయా ఆసియా క్రీడల్లో సర్ఫింగ్ ఉంది. కర్ణాటకలో ముల్కి ఆశ్రమంలో మొదలైన ఆట ఇంతదాకా వచ్చింది. మన ఆంధ్రకి ఉన్న వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరంలో ఒక్క పోటీ అయినా పెద్దస్థాయిలో జరగకపోవడం నాకు బాధగా ఉంది.

బ్యాక్‌ప్యాక్_హైద్
పెద్ద పోటీ వస్తే పెద్ద కట్టడం వస్తుంది. 2024 ఒలింపిక్స్‌కి తహితీలో టియహుపో దగ్గర జడ్జీల కోసం అల్యూమినియం టవర్ కడతామంటే ఊరివాళ్ళు పగడపు దిబ్బల కోసం రోడ్డెక్కారు. చివరికి టవర్ సైజు తగ్గించాల్సి వచ్చింది.

డ్రెడ్జర్_మావయ్య
నేను రిటైరయ్యేదాకా చేసింది తవ్వోడల (డ్రెడ్జర్ల) మీద పనే. మీరెవ్వరూ ఇసుక గురించి మాట్లాడటం లేదు, ఆశ్చర్యంగా ఉంది. అల విరిగేది ఇసుక మేట మీద. మేట లేకపోతే మీ బోర్డు దేనికీ పనికిరాదు. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ నడక ఆగింది, అందుకే ఆర్కే బీచ్ కోతకి గురవుతోంది. పోర్టు దగ్గర చేరిన ఇసుకని తవ్వి, పైపుల్లో తెచ్చి బీచ్‌లో పోస్తున్నది అందుకే. ఎక్కడ పోస్తే, ఎంత పోస్తే అల ఎలా మారుతుందో సర్ఫింగ్ వాళ్ళు అడగాలి.

గోల్డ్‌కోస్ట్_ఆంధ్రా
మావయ్య గారూ, సరిగ్గా చెప్పారు. మా దగ్గర ట్వీడ్ నది నోటి దగ్గర ఇసుకని 2001 నుంచి పంపులతో ఉత్తరానికి పంపిస్తున్నారు. దాంతో స్నాపర్ రాక్స్ నుంచి సూపర్‌బ్యాంక్ అనే మేట ఏర్పడి ప్రపంచంలోనే పేరున్న అల తయారైంది. అదే ఇసుక ఎక్కువై కిర్రా అనే పాత అల కొన్నాళ్ళు పూడిపోయింది. ఇంజనీర్ల పనితో అల పుట్టగలదు, చావగలదు కూడా. విశాఖలో పోర్టు, కార్పొరేషన్, సర్ఫర్లు ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే ఇలాంటిది సాధ్యమే.

జాలారిపేట_కుర్రోడు
టేబుల్ దగ్గర మత్స్యకారులకి కుర్చీ వేయడం మర్చిపోయారు అన్నా. ఇసుక పోసినప్పుడు మా వలలు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

గోల్డ్‌కోస్ట్_ఆంధ్రా
నిజమే తమ్ముడూ, మొదటి కుర్చీ మీదే.

ఉప్పుగాలి
అసలు ప్రశ్న సీజన్ కదా. విశాఖలో మే నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం నుంచి వచ్చే అలలు బలంగా ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకి అవి ఎక్కువైపోయే రోజులూ ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల టెన్షన్. జనవరి నుంచి మార్చి చిన్న అలలు, కొత్తవాళ్ళకి అదే మంచిది. ఎప్పుడైనా పొద్దున్నే దిగాలి. ఎండెక్కాక సముద్రం మీది నుంచి గాలి మొదలై నీటి మీద గజిబిజిగా చిన్న చిన్న అలలు లేస్తాయి. విదేశీ యాప్‌లతో పాటు హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచనలు కూడా చూడండి. ఎత్తైన అలల హెచ్చరికలు ఇచ్చేది వాళ్ళే. అల ఎత్తు ఒక్కటే చూడకండి, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో చూడండి. అదే ఎత్తుకి సెకన్లు పెరిగితే అల బలం వేరేగా ఉంటుంది.

ఇంకొకటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. వేసవి సెలవులూ అప్పుడే. ప్రభుత్వ భృతి 2025లో 20 వేలు చేశారు, 61 రోజులకి ఒక కుటుంబానికి అది చాలదు. ఆ రెండు నెలలు పేట కుర్రాళ్ళకి ట్రైనర్లుగా జీతం ఇచ్చేలా హాస్టల్ నడిపితే ఊరు మీవైపు ఉంటుంది.

కెరటం99
ఉప్పుగాలి గారు చెప్పింది అక్షరసత్యం. ఆడవాళ్ళకి ఆడ ట్రైనర్ కూడా ఉండాలని నా వైపు నుంచి గట్టిగా చెబుతున్నాను. పొట్ట, మోకాళ్ళు బోర్డుకి రాసుకుని మంట పుడతాయి, పొడుగు చేతుల రాష్‌గార్డు (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) ఇవ్వకుండా టీషర్టుతో దింపే స్కూళ్ళు ఉన్నాయి. బట్టలు మార్చుకోవడానికి తలుపు సరిగ్గా పడే గది కావాలి. ఇవేవీ బ్రోచర్లలో కనపడవు.

సీఆర్‌జెడ్_వకీలు
పర్మిషన్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో గ్రామీణ తీరాన్ని జనసాంద్రతని బట్టి రెండుగా చేశారు. ఎక్కువ సాంద్రత ఉన్నచోట పోటు గీత (పోటు నీళ్ళు చేరే హద్దు) నుంచి 50 మీటర్లు, తక్కువ ఉన్నచోట 200 మీటర్లు కట్టడాలకి వీల్లేని ప్రాంతం. అయితే స్థానికులు ఉన్న ఇంటి పునాది కొలతలు, ముఖరూపం మార్చకుండా హోమ్‌స్టే నడుపుకోవచ్చు. పెంకుటిల్లు ఉంది కాబట్టి "బాగుచేయడం" అనే మాట దగ్గర జాగ్రత్త. పై అంతస్తు వేశారా, మీ కేసు నా దగ్గరికి రావాల్సిందే. ఇక ఋషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. స్నానాల జోన్‌లో బోర్డులు వేయడం కుదరదు, వేరే చోటు చూసుకోవాలి.

భీమిలి_డ్రీమ్స్
అందరికీ ధన్యవాదాలు. పెంకులు మార్చడం, లోపల సున్నం వేయడం తప్ప ఇంటి ఆకారం ముట్టుకోను. జాలారిపేట తమ్ముడూ, నీకు విడిగా మెసేజ్ పెట్టాను, ట్రైనర్ల సంగతి మాట్లాడుకుందాం. ఫోమ్ బోర్డులు ఎక్కడ కొనాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

సముద్రపు_పిచ్చి
కొత్తవి పది ఒకేసారి తెప్పించకండి, రవాణాకే డబ్బంతా పోతుంది. కోవళం, మహాబలిపురం స్కూళ్ళు బోర్డులు మార్చేటప్పుడు పాతవి అమ్ముతుంటాయి, స్వయంగా వెళ్ళి చూసుకోండి. కొనేముందు పైభాగమంతా బొటనవేలితో నొక్కుతూ రండి. మెత్తగా దిగబడితే లోపల పొర ఊడినట్టు. ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క) బిగించే చోట పగులుందేమో చూడండి, నీళ్ళు అక్కడినుంచే పడతాయి. ఒకే సైజువి రెండు చేతుల్లో ఎత్తి చూస్తే నీళ్ళు పట్టినది బరువుని బట్టి తెలిసిపోతుంది. లీష్‌లు మాత్రం పాతవి వద్దు, బోర్డు ఎంత పొడుగో అంత పొడుగువి కొత్తవే కొనండి.