5 లక్షల్లో బయటి అప్పు లేకుండా, ఎండకు ఉడకని ఇల్లు కట్టుకోవడం ఎట్లా? (దేవరకొండ వైపు)

దేవరకొండ తమ్ముడు:

అందరికీ నమస్తే. మా అక్కకు ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. దేవరకొండ అవతల చిన్న ఊరు, 80 గజాల జాగా, పాత రేకుల ఇల్లు తీసేసి అక్కడే ముగ్గు పోయాలి. బావ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు, అక్క ఇద్దరు పిల్లలతో ఊర్లోనే ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు బేస్‌మెంట్, గోడలు, స్లాబు, చివరి పని అని నాలుగు విడతల్లో వస్తాయి, అంటే మొదటి బిల్లు పడేదాకా పెట్టుబడి మనదే. దానికి మహిళా సంఘంలో తీసుకున్న లక్ష ఉంది. అంతకు మించి ఒక్క రూపాయి కూడా వడ్డీకి తేవద్దని అక్క పట్టు.

మా ఊరి మేస్త్రి తొమ్మిది పిల్లర్లు, సిమెంటు దిమ్మెల గోడ, ఐదించుల స్లాబు, ముందు ఎలివేషన్ అని 7.5 లక్షల లెక్క రాసిచ్చాడు. మాకు ఎలివేషన్ కన్నా ఎండ టెన్షన్ ఎక్కువ. ఇప్పుడున్న రేకుల కింద మే నెలలో పదకొండు దాటితే ఉండలేరు, అక్క పిల్లలను తీసుకుని వేపచెట్టు కిందికి పోతుంది, రాత్రి పదింటికి కూడా గోడకు వీపు ఆనిస్తే సుర్రుమంటుంది. కొత్త ఇల్లు కట్టి కూడా అదే పరిస్థితి అయితే ఎందుకు? ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ అస్సలు తగ్గించకూడదు? కట్టినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ సైటు:

తమ్ముడూ, నేను సివిల్ డిప్లొమా చేసి పదేళ్లుగా సైట్ల మీదే ఉన్నాను. ముందు కొలత సంగతి. ఈ పథకంలో 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఎట్లాగూ కడుతున్నాం కదా అని ఇంకో గది కలుపుకుని బిల్లు ఆగిపోయి, సగం గోడల మధ్య వానాకాలం గడిపిన వాళ్లను చూశాను. 420, 430 దగ్గర ఆపండి.

తొమ్మిది పిల్లర్లు నిజంగా అవసరమా అని అడగండి. మీ వైపు చాలా చోట్ల ఎర్ర చెలక, మూడు నాలుగు అడుగులు తవ్వితే గట్టి మొరం తగులుతుంది. అట్లాంటి నేలలో, పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన లేకపోతే రాతి పునాది, తొమ్మిదించుల గోడ మీదే స్లాబు మోయించవచ్చు. కానీ పునాది మీద ఒక బెల్టు (ఊచలు వేసి పోసే కాంక్రీటు పట్టీ), తలుపులు, కిటికీల మీది లెంటల్ దగ్గర ఒక బెల్టు ఇంటి చుట్టూ తెగకుండా తిరగాలి. తగ్గించకూడని చోటు అదే. నల్లరేగడి అయితే మాత్రం ఈ మాట వర్తించదు, అది వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, అప్పుడు పునాది వేరే రకంగా వేయాలి.

గోడకు బూడిద ఇటుక చూడండి. దామరచర్ల దగ్గర వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, అటు పాలమూరు వాళ్లకు కృష్ణ దాటితే రాయచూరు థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కాల్చాక మిగిలే బూడిద అది, ఇటుక చేస్తే బట్టీ కాల్చే పని లేదు, చెరువు మట్టి తోడే పనీ లేదు. అయితే అన్ని లోడ్లూ ఒకేలా ఉండవు. లోడు దించుకునే ముందు రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టండి, ఖంగుమనాలి. ఒకటి తూకం వేసి 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూయండి, బరువు 20 శాతం కన్నా ఎక్కువ పెరిగితే వెనక్కి పంపండి. మొహమాట పడొద్దు.

వనపర్తి వాణి:

మేము నాలుగేళ్ల కింద కట్టుకున్నాం, మాదీ చిన్న ఇల్లే. మేము చేసిన పని గోడ ఇటుకను పడుకోబెట్టకుండా నిలబెట్టి కట్టడం. లోపల ఒక వరుస, బయట ఒక వరుస, మధ్యలో మూడించుల ఖాళీ, మధ్య మధ్య అడ్డంగా ఒక ఇటుక. ర్యాట్‌ట్రాప్ కట్టుబడి అంటారు, కేరళలో లారీ బేకర్ గారు పేదల ఇళ్లకు దీన్ని బాగా వాడారు. గోడ మందం తొమ్మిదించులే, ఇటుక మాత్రం నాలుగో వంతు దాకా మిగులుతుంది, సిమెంటు మాలు కూడా తగ్గుతుంది. ఆ ఖాళీలో గాలి ఉండటంతో బయటి వేడి తొందరగా లోపలికి రాదు. మా పడమటి గోడ సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే పక్కింటి దిమ్మెల గోడకూ మాదానికీ తేడా మా అత్తమ్మకు కూడా తెలిసింది.

మా మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, గోడ బోలుగా ఉంటే పడిపోతుందన్నాడు. బాత్‌రూం గోడ ఒక్కటి కట్టి చూడన్నా, నచ్చకపోతే మామూలుగా కట్టు అన్నాం. రెండో రోజుకు చెయ్యి తిరిగింది. మా తప్పు ఒకటి చెప్తాను, కరెంటు పైపులు ఎక్కడ రావాలో ముందు గుర్తు పెట్టుకోలేదు. తర్వాత గోడ చెక్కితే నాలుగైదు ఇటుకలు పగిలి లోపలికి పడ్డాయి. స్విచ్ బోర్డులు, షెల్ఫులు, తలుపు చట్రాలు వచ్చే చోట్లు ముందే సుద్దతో గీసుకుని అక్కడ గట్టిగా నింపించండి.

స్లాబులో కూడా ఊచల మధ్య పాత బెంగుళూరు పెంకులు రెండేసి బోర్లించి కాంక్రీటు పోశాం. స్లాబు కింది భాగంలో కాంక్రీటు ఊచలను పట్టుకోవడానికే తప్ప బరువు మోయదు, ఆ చోట పెంకు కూర్చుంటుంది. కాంక్రీటు మిగిలింది, కింద నుంచి చూడటానికి కూడా బాగుంటుంది.

మక్తల్ పెద్దాయన:

వాణమ్మా, మీ గోడ మాట మంచిదే. పెంకుల స్లాబు మాత్రం ఊర్లో చూసి చేయించే ఇంజినీరు లేకుండా చేయించొద్దని నా అభిప్రాయం. ఊచల దూరం తప్పితే, పోసేటప్పుడు పెంకు కదిలితే ఎవరు చూస్తారు? బిల్లు రాసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఒప్పుకోకపోతే ఆ పిల్ల రెండు లక్షల దగ్గర ఇరుక్కుంటుంది. ముందు ఆయనకు కాగితం మీద చూపించి అడగండి.

నేను మట్టి మిద్దెలో పుట్టాను. రాతి గోడ మూరెడు మందం, పైన దూలాలు, వాసాలు, ఆ పైన మట్టి. ఎండాకాలం మధ్యాహ్నం లోపల పడుకుంటే ఫ్యాను అవసరం తెలిసేది కాదు, ఏటేటా వానకు ముందు మిద్దె ఎక్కి మట్టి సరిచేసుకోవాలి అంతే. ఇప్పుడు ఆ కలప ఎక్కడిది, ఆ ఓపిక ఎవరికుంది. కానీ ఆ తెలివి వదులుకోవద్దు. మన ఎండ నెత్తి మీది నుంచి వస్తుంది, గోడల నుంచి వచ్చేది దాని తర్వాతే. స్లాబు మీద సున్నం కొట్టండి. సున్నం రాత్రంతా నానబెట్టి వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి, మార్చి నెలలో రెండు చేతులు. ప్రతి ఏడూ కొట్టాలి, ఖర్చు చాలా తక్కువ. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే, తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది.

నేలకు టైల్స్ వద్దు, తాండూరు బండలు వేయించండి, చల్లగా ఉంటాయి, ముప్పై ఏళ్లయినా అరగవు. పడమర కిటికీ పెట్టక తప్పకపోతే దాని మీద రెండడుగుల సజ్జ పెట్టండి.

మర్రిగూడ టీచర్:

ఇంకో మాట, ఇది ఇల్లు కట్టేటప్పుడే చేయకపోతే తర్వాత ఎవరూ చేయరు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తరతరాల ఎముకలు వంచింది. భగీరథ నీళ్లు వచ్చాక నయమే, నల్లా రాని రోజున మాత్రం మళ్లీ బోరే దిక్కు. వాన నీటిలో ఫ్లోరైడ్ ఉండదు. 400 అడుగుల స్లాబు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 37 లీటర్లు, ఏడాదికి 700 మిల్లీమీటర్లు లెక్క వేసుకున్నా 25 వేల లీటర్ల పైమాటే, అందులో కొంత పోయినా ఇంటికి చాలా పనికొస్తుంది. స్లాబు వాలు ఒకే మూలకు ఉండేట్టు పోయించి, ఒక పైపు దింపి, మొదటి వాన బయటికి వదిలేసి తర్వాతిది గుడ్డ కట్టిన తొట్టిలోకి పట్టండి. తాగే ముందు కాచుకోవాలి. తొట్టి నిండాక ఇంకుడు గుంతకు మళ్లించండి. స్లాబు మీద ఆకుల చెత్త, పావురాల గూళ్లు లేకుండా చూసుకోవాలి, అంతే.

మిర్యాలగూడ సైటు:

పెద్దాయన చెప్పిన ఏఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఒకటి మర్చిపోయాను. ఇప్పుడు దొరికే సిమెంటులో ఎక్కువ శాతం బూడిద కలిసిన పీపీసీ, దానికి నీళ్లు పట్టడం (క్యూరింగ్) ఎక్కువ రోజులు కావాలి. మన ఎండకు 14 రోజులు లెక్క పెట్టుకోండి. స్లాబు మీద మట్టితో మళ్లు కట్టి నీళ్లు నిలపండి, పైపుతో తడిపి పోయామంటే సరిపోదు.

దేవరకొండ తమ్ముడు:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి అక్కకు అన్నీ చదివి వినిపించాను. పిల్లర్లు, ఎలివేషన్ తీసేసి 430 అడుగులకు కొత్త లెక్క రాయమన్నాం. స్లాబు మామూలుగానే పోసి సున్నం కొడతాం, గోడ మాత్రం వాణి అక్క చెప్పినట్టు బాత్‌రూంతో మొదలుపెట్టి చూస్తాం. బావ ఫోన్‌లో అంతా విని, నీళ్లు పట్టే పద్నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తానన్నాడు. రేపు పొద్దున జాగాలో రెండు చోట్ల తవ్వి మొరం ఎంత లోతులో ఉందో ఫొటో పెడతాను, సైటన్నా, చూసి చెప్పండి.