పెన్‌డ్రైవ్ లినక్స్ నుంచి విండోస్ సి డ్రైవ్‌ని ముట్టుకోవచ్చా?

మింట్_మామ:
లెక్కల పని విండోస్‌లో, మిగతాదంతా 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో, రెండేళ్లుగా ఇదే నా కాపురం. ఫైళ్లు ఇటు నుంచి అటు పంపాలంటే మింట్‌లో విండోస్ డ్రైవ్ తెరిచి నేరుగా అందులోనే సేవ్ చేసేవాణ్ని. మొన్న విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నాక చదవనిస్తోంది గానీ రాయనివ్వట్లేదు. తీరా చూస్తే ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని, అంటే తన గుండెకాయని, డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది, ఆ డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందనుకుంటుంది. ఇకనుంచి సి డ్రైవ్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్‌లోనే విండోస్, లినక్స్ రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఒక పార్టిషన్ (విడి భాగం) పెట్టుకుందామనుకుంటున్నా. మీరేమంటారు?

తెనాలి_టెకీ:
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా అండీ. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి, అయిపోయింది. అదీ వద్దంటే షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వండి, రీస్టార్ట్‌లో విండోస్ నిజంగానే ఆగుతుంది. విండోస్ డ్రైవ్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌ని చదివి రాసే ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవర్ 5.15 కెర్నల్ నుంచి లినక్స్‌లోనే ఉంది కూడా. మీ ఎక్స్‌ఫ్యాట్‌కేమో జర్నలింగ్ (చేయబోయే మార్పుల్ని ముందే చిట్టాలో రాసుకోవడం) లేదు, కాపీ మధ్యలో పెన్‌డ్రైవ్ లాగేస్తే ఫైళ్లు గోవిందా.

సంచిలో_లినక్స్:
టెకీ అన్నా, సొంత మెషీన్ అయితే నీ మాట సరే. కానీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకునేదే ఎక్కడ పడితే అక్కడ వాడుకోవడానికి కదా, మా బావ ల్యాప్‌టాప్‌లో పవర్ సెట్టింగ్స్ నేను మార్చనా? పైగా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం) ముందే ఆన్‌లో ఉంటోంది, 48 అంకెల రికవరీ కీ లేకపోతే లినక్స్ ఆ డ్రైవ్‌ని తెరవలేదు. ఆ కీ ఎక్కడుందో బావకే తెలీదు. ఇక జర్నలింగ్ అంటావా, లినక్స్ నడిచేదే ఆ పెన్‌డ్రైవ్ మీద అయితే మధ్యలో ఎవడు లాగుతాడు? విండోస్‌లో వాడేటప్పుడు ఎజెక్ట్ కొట్టే ఓపిక ఉంటే చాలు.

మామా, ఒక్క మాట. ఎక్స్‌ఫ్యాట్‌ని మొదటి పార్టిషన్‌గా పెట్టు. విండోస్ 10 తొలి వెర్షన్లు, అంతకుముందువీ పెన్‌డ్రైవ్‌లో మొదటి పార్టిషన్ ఒక్కటే చూపిస్తాయి. కొత్తవాటిలో ఇంకో గొడవ, మింట్ ఉన్న ఎక్స్‌టీ4 (లినక్స్ సొంత ఫార్మాట్) భాగాన్ని చూసి ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది, నిద్రమత్తులో సరే అన్నావో నీ రెండేళ్ల కాపురం కూలినట్టే.

కేబుల్_బాబు:
ఈ పార్టిషన్ల గోలంతా ఎందుకు, విండోస్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి సాంబాతో (నెట్‌వర్క్ మీద విండోస్ షేర్‌ని లినక్స్‌లో తెరిచే సాఫ్ట్‌వేర్) లాగేసుకోండి.

తెనాలి_టెకీ:
బాబూ, ఆయనకున్నది ఒకే కంప్యూటర్. లినక్స్ నడుస్తున్నప్పుడు విండోస్ ఎక్కడినుంచి షేర్ చేస్తుంది?

కేబుల్_బాబు:
అరె, నిజమే. రెండు కంప్యూటర్లు ఉన్నవాళ్లకి చెప్పాననుకోండి 😅

మింట్_మామ:
ఎక్స్‌ఫ్యాట్ పెట్టేశా, 6 జీబీ వీడియో కూడా రెండువైపులా తెరుచుకుంది, పాత ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గరే ఆగిపోయేది. ఒక్క చిక్కు మాత్రం ఊహించలేదు. విండోస్‌లో తెలుగులో పొడుగ్గా పేరు పెట్టిన ఫైలు ఒకటి మింట్ హోమ్ ఫోల్డర్‌లోకి రానంది, పేరు మరీ పెద్దదట. ఎక్స్‌టీ4లో పేరుకి 255 బైట్లే, తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు తింటాయి, వత్తంటే పొల్లు, అక్షరం కలిపి 6, అంటే పేరులో అన్నీ కలిపి 85 గుర్తులే. ‘స్త్రీ’ ఒక్కదానికే 18 బైట్లు.

తెనాలి_టెకీ:
అది ఎక్స్‌ఫ్యాట్ తప్పు కాదు లెండి, సి డ్రైవ్ నుంచి తెచ్చుకున్నా ఇదే తంతు. పేరు కుదించుకోండి. నా డెస్క్‌టాప్‌లో మాత్రం నేను సి డ్రైవ్‌లోనే రాసుకుంటా.