కార్బురేటర్ జిప్సీకి ఎలక్ట్రిక్ పంపు: మరమ్మతా, లోపాన్ని కప్పిపుచ్చడమా?

కోట రోడ్డు (విజయనగరం జిల్లా):
మా వద్ద 1990ల ఆరంభం నాటి మారుతి జిప్సీ ఉంది. 970 సీసీ ఇంజను, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ ఉన్న బండి. విజయనగరం నుంచి శృంగవరపుకోట వరకు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. అనంతగిరి ఘాటు ఎక్కడం మొదలైన కాసేపటికి మాత్రం ఎంత యాక్సిలరేటర్ తొక్కినా పికప్ తగ్గిపోయి, నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోతుంది. పావుగంట ఆగితే ఏమీ జరగనట్టే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. కార్బురేటర్ శుభ్రం చేయించి, ఫిల్టర్ మార్పించినా ఫలితం లేదు. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే, ఇంజను మీదున్న మెకానికల్ పంపును తీసేసి, ట్యాంకు దగ్గర 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు బిగిద్దామని మెకానిక్ అంటున్నారు. ఇది సరైన మార్పేనా? పెద్దలు చెప్పగలరు.

సాలూరు ఘాటు:
మీ మెకానిక్ చెప్పినదే సబబు. మెకానికల్ పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది కనుక, ఎక్కుడులో రెండో గేరులో మెల్లగా పోతున్నప్పుడు ఇంజను వేడంతా దానికి పడుతుంది, గొట్టంలో పెట్రోలు ఆవిరై పంపుకు అందదు. ఒడిశాలోని సుంకి వైపు ఎక్కే పాత పెట్రోలు బళ్ళన్నింటిదీ ఇదే కథ. పైగా ఇప్పుడు బజారులో దొరికే నకిలీ పంపుల డయాఫ్రమ్ (లోపల ఆడుతూ పెట్రోలు లాగే పలుచని పొర) ఎన్నాళ్ళు నిలుస్తుందో నమ్మకం లేదు. ఎలక్ట్రిక్ పంపు ట్యాంకు దగ్గర చల్లగా ఉండి పెట్రోలును ముందుకు నెడుతుంది.

నాగావళి తీరం (శ్రీకాకుళం):
సాలూరు మిత్రులు చెప్పిన వేడి సంగతి నిజమే. పెట్రోలులోని తేలిక భాగాలు 35–40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలవుతుంది. మెకానికల్ పంపు ట్యాంకు నుంచి పీల్చుకుంటుంది కాబట్టి ఆ గొట్టంలో ఒత్తిడి తగ్గి, అది మరింత తొందరగా మరుగుతుంది. అయితే పావుగంట ఆగితే బాగుపడటం అన్న ఒక్క లక్షణం పట్టుకుని తీర్పు చెప్పడానికి నేను ఒప్పుకోను, ఎందుకంటే ట్యాంకుకు గాలి వెళ్ళే దారి మూసుకుపోయినా, ట్యాంకులోని తుప్పు పెట్రోలు వడకట్టే జాలీకి అతుక్కుని బండి ఆగాక కిందికి దిగిపోతున్నా, చివరకు ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి నిప్పురవ్వ ఇవ్వడం మానేసినా బండి ప్రవర్తన అచ్చం ఇలాగే ఉంటుంది.

బండి ఆగిన చోటే ముందుగా ట్యాంకు మూత తీయండి. గాలి బుస్సున లోపలికి పోయి బండి వెంటనే అందుకుంటే తప్పు మూతది, లేదా గాలి గొట్టానిది. అలా కాకపోతే ఇంజను ఆపి ఉంచి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగను చేత్తో లాగండి. సన్నని పెట్రోలు ధార చిమ్మితే ఫ్లోట్ చాంబర్‌లో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గదిలో, పెట్రోలు ఉన్నట్టే. అప్పుడు పంపును నిందించడం మానేసి కాయిల్ వైపు చూడాలి. ధార రాకపోతే ఇంజను చల్లారనిచ్చి, కాయిల్ తీగ ఊడదీసి, కార్బురేటర్‌కు వెళ్ళే గొట్టాన్ని సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. గట్టిగా ఎగిసి పడుతూ రావాలి. బుడగలతో వస్తే పంపు వెనుక ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. పీల్చే గొట్టానికి చిల్లు పడితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే బండి కింద తడి లేదు కనుక గొట్టాలు బాగున్నాయనుకుంటారు. పెట్రోలులో ఇథనాల్ పాళ్ళు 20 శాతానికి చేరిన ఈ రోజుల్లో, దాన్ని తట్టుకోలేని ఆ కాలపు రబ్బరు గొట్టాలను అసలు నమ్మకూడదు.

అన్నట్టు, ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, వాసన కూడా చూడండి. ఇంజను ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తే డయాఫ్రమ్ చిరిగినట్టే, పంపు మార్చక తప్పదు.

సాలూరు ఘాటు:
పిల్లాపాపలతో వెళుతూ ఘాటు మలుపులో సీసా పట్టుకుని ఎవరు కూర్చుంటారండీ? పంపు మారిస్తే ఒక పూటలో తేలిపోయే పని ఇది.

వైరింగ్ మనిషి (విజయనగరం):
ఒక పూటలో తేలిపోతుంది గాని, ఏ పంపు పెడుతున్నారన్నది ముఖ్యం. కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను అదుపు చేసే సూది సాధారణంగా చదరపు అంగుళానికి మూడు నుంచి ఐదు పౌండ్ల ఒత్తిడినే ఆపగలదు. పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజక్షన్ బండి పంపు దానికి దాదాపు పదింతలు ఇస్తుంది. అది తెచ్చి బిగిస్తే పెట్రోలు పొంగి వేడి ఇంజను మీద పడుతుంది. రెండో సంగతి: మెకానికల్ పంపు ఇంజను ఆగగానే తానూ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపు మాత్రం బండి పల్టీ కొట్టి ఇంజను ఆగినా, కీ ఆన్‌లో ఉన్నంతసేపూ పెట్రోలు నెడుతూనే ఉంటుంది. అందుకే పంపును రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా, ఇంజను ఆగి ఆయిల్ ఒత్తిడి పడిపోగానే దాన్ని ఆపేసే ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కు కలపాలి. కొండల్లో తిరిగే బండికి ఇది లేకుండా పంపు పెట్టడాన్ని నేను సమర్థించను.

కోట రోడ్డు:
పరీక్షలు చేశాం. మూత తీస్తే తేడా లేదు, కార్బురేటర్ గొంతులో ధార రాలేదు, సీసాలో బుడగలు వచ్చాయి. ట్యాంకు దగ్గరి గొట్టం క్లిప్పు కింద పగిలి ఉండగా మార్పించాం. ఇప్పుడు ఉదయం పూట ఘాటు హాయిగా ఎక్కుతోంది. మిట్టమధ్యాహ్నం మాత్రం ఒకసారి తడబడింది.

సాలూరు ఘాటు:
ఆ మధ్యాహ్నపు తడబాటే నేను చెప్పిన వేడి.

నాగావళి తీరం:
కావచ్చు. కానీ ఆ బండి పంపుకు మూడు గొట్టాలు ఉండాలి: ఒకటి పీల్చేది, ఒకటి పంపేది, మిగిలిన పెట్రోలునూ ఆవిరినీ ట్యాంకుకు తిప్పి పంపేది మూడోది. ఆ మూడో దారి తెరిచి ఉందా?

కోట రోడ్డు:
లేదండి. ఎవరో ఎప్పుడో ఆ గొట్టం తీసేసి రబ్బరు బిరడా పెట్టారు. ట్యాంకు వైపు ఇనుప పైపు మాత్రం అలాగే ఉంది.

నాగావళి తీరం:
ముందు ఆ పైపును గాలితో ఊది, దారి ఉంటే కొత్త గొట్టం వేయించండి. ఆ తరువాత మధ్యాహ్నం ఎండలో ఎక్కి చూసి, అప్పటికీ ఆగితే సాలూరు వారి పంపు సంగతి, వైరింగ్ మిత్రులు చెప్పిన స్విచ్‌తో సహా, ఆలోచిద్దాం.

సాలూరు ఘాటు:
సరే, చూడండి. మే నెల ఎండలో ఎక్కాక చెప్పండి, చలికాలపు మధ్యాహ్నాన్ని నేను లెక్కలోకి తీసుకోను.