అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకు అమెరికా లాయరా, తిరుపతి కన్సల్టెంటా?

రేణిగుంట రోడ్డు: మా వాడికి అమెరికా పౌరసత్వం వచ్చింది. నాకూ మా ఇంటామెకూ గ్రీన్‌కార్డు కోసం ఐ-130 అనే పిటిషన్లు వేశాడు, రెండూ అప్రూవ్ అయ్యాయి. ఇప్పుడు డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా ఫారం, కాగితాలు పెట్టాలంట. తిరుపతిలో ఒక కన్సల్టెంటు ఇద్దరికీ కలిపి 60 వేలు అన్నాడు. 10 వేలు అడ్వాన్సు తీసుకుని ఫారాలు కూడా నింపేశాడు. మా వాడేమో అక్కడి లాయర్‌ని పెడదామంటున్నాడు. చేయించుకున్నవాళ్లు చెప్పండి. ఇంటామెకు బర్త్ సర్టిఫికెట్ లేదు.

చంద్రగిరి మాస్టారు: ఇద్దరూ దండగే. నేను సొంతంగా నింపాను. తల్లిదండ్రుల కేసులో ఒకరి వెంట ఇంకొకరిని చేర్చడం కుదరదు కాబట్టి రెండు పిటిషన్లు, అంతే. వీసా ఫీజు మనిషికి 325 డాలర్లు. ఇంటర్వ్యూ ముంబైలో. ఇందులో లాయర్ చేసే ఘనకార్యం ఏముంది?

పలమనేరు అమ్మాయి (డల్లాస్): మాస్టారూ, పుట్టినతేదీకి మీ చేతిలో ఎస్సెస్సెల్సీ పుస్తకం ఉంది. మా అమ్మ బడి గడప తొక్కలేదు. ఇంట్లో పుట్టింది, 1969 జనన మరణాల నమోదు చట్టం రాకముందు. అలాంటివాళ్లకు ఏం చెప్తారు?

చంద్రగిరి మాస్టారు: రికార్డులో లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆమె పుట్టుక తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరు అఫిడవిట్ ఇవ్వాలి. దీనికి లాయర్ అక్కర్లేదు.

జూనియర్ ప్లీడరు: నాన్ అవైలబిలిటీ ఎందుకు? లేట్ రిజిస్ట్రేషన్ చేయించండి. 2023 అక్టోబరు 1 నుంచి కోర్టు దాకా పోనక్కర్లేదు, ఏడాది దాటిన పుట్టుకకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆర్డరు చాలు.

చంద్రగిరి మాస్టారు: నిన్న పుట్టించిన సర్టిఫికెట్ చూపిస్తే ఆఫీసరు పాత ఆధారం ఏదని అడగడా?

జూనియర్ ప్లీడరు: అడిగితే చూపిస్తాం. సర్టిఫికెట్ సర్టిఫికెట్టే.

చంద్రగిరి మాస్టారు: అదే నేనూ అంటున్నది. ఆధారమే ముఖ్యం.

కాణిపాకం: నిన్నటి నుంచి ఇదే. రేణిగుంట అన్న అడిగింది లాయర్ గురించి కదా!

పలమనేరు అమ్మాయి (డల్లాస్): నేను చెప్తాను. మొదట మేమూ తిరుపతి కన్సల్టెంటునే పెట్టాం. గతంలో వీసా నిరాకరించారా అన్నచోట ఆయన 'లేదు' అని పెట్టాడు. నాన్నకు అంతకుముందు విజిటర్ వీసా రిజెక్ట్ అయింది. అడిగితే "అవన్నీ ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. అమెరికావాళ్ల సిస్టంలో ఉంటుంది! కావాలని అబద్ధం చెప్పారని తేలితే మళ్లీ గడప తొక్కనివ్వకపోవచ్చు. ఎవరు నింపినా బాధ్యత సంతకం పెట్టినవాళ్లదే. అప్పుడు లాయర్‌ని పెట్టి సరిచేయించాం. అమెరికా ఇమిగ్రేషన్ కేసులో సలహా చెప్పే హక్కు అక్కడ లైసెన్సున్న లాయర్‌కో, ప్రభుత్వ గుర్తింపున్న ప్రతినిధికో ఉంటుంది. టౌన్ క్లబ్ దగ్గర బోర్డు పెట్టినవాళ్లకు లేదు.

చంద్రగిరి మాస్టారు: అమ్మా, నీ లాయర్ సచివాలయంలో క్యూలో నిలబడ్డాడా? అఫిడవిట్ కోసం మా ఆవిడ పెద్దమ్మను ఆటోలో తెచ్చాం, ఎనభై దాటిన మనిషి. వేలిముద్ర వేయించి, కాగితం ఖరాబు కాకూడదని ఆమె బొటనవేలు నా పంచె కొంగుతో తుడిచాను. ఆ మరక ఇప్పటికీ పోలేదు. మా వాడు పంపింది వాట్సాప్‌లో ఒక లిస్టు. "నాన్నా, ఈ వారంలో కావాలి" అని.

పలమనేరు అమ్మాయి (డల్లాస్): అంటే మీ కోపం లాయర్ మీద కాదు.

చంద్రగిరి మాస్టారు: డబ్బు మీది, కాళ్లు మావి. రమ్మన్నది మీరు. మేం వస్తామని ఎప్పుడన్నాం?

పలమనేరు అమ్మాయి (డల్లాస్): మా నాన్న కూడా ఇదే అన్నాడు, కానీ నాతో కాదు, ఆర్డీవో ఆఫీసు మెట్ల మీద ఎవరితోనో. రాత్రి పూట ఫోన్ వస్తే గుండె జారిపోతుంది మాస్టారూ. ఇక్కడుంటే కనీసం పక్క గదిలో ఉంటారు కదా అని అప్లై చేశాను. అడగకుండా చేశాను, నిజమే.

జూనియర్ ప్లీడరు: లేట్ రిజిస్ట్రేషన్ విషయం మాత్రం నేను వదలను.

కాణిపాకం: వదలొద్దు సామీ.

రేణిగుంట రోడ్డు: అందరికీ దండాలు. అమ్మాయి రాసింది చదివి మా వాడికి ఫోన్ చేశాను. నింపిన ఫారం చూడాలంటే లాగిన్‌కు కేసు నంబరు, ఇన్వాయిస్ నంబరు కావాలన్నాడు. కన్సల్టెంటును అడిగితే మా ఆఫీసు మెయిలే పెట్టాం, అన్నీ మాకే వస్తాయి, మీకెందుకు సార్ టెన్షన్ అంటాడు. 2014లో నాకూ విజిటర్ వీసా రిజెక్ట్ అయింది. ఆ మాట నేను అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు. రేపు పదింటికి వాళ్ల ఆఫీసు తీస్తారు, ఫారం ప్రింటు తీసుకునే దాకా అక్కడే కూర్చుంటా.